వరండా సభ్యురాలు

ఆ గదిలో జరిగిందేదీ బయటికి పొక్కనివ్వనని సంతకం పెట్టాను. ఇప్పుడు చెబుతున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోమనండి. మా పిన్ని సంగతి చెప్పాలంటే ఆ గది సంగతి చెప్పక తప్పదు. గది సంగతి చెప్పాలంటే ముందు మా పేట సంగతి చెప్పాలి.

మాది కాలవ అవతలి పేట. రైలు పట్టాలు వేసే పనికని ఎప్పుడో మా ముత్తాతల్ని తీసుకొచ్చారు. పట్టాలు పడ్డాక వెనక్కి తీసుకెళ్ళడం మర్చిపోయారు. అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాం. మా ఇంటిపేర్లు వేరు, మొక్కే తీరు వేరు, ఊరి జనంతో పోలిస్తే మేము పిడికెడుమంది. ఊళ్ళోవాళ్ళు మాతో మాట్లాడేటప్పుడు "మీవాళ్ళు" అని మొదలుపెడతారు. ఆ మాట వెనక ఒక మంచి మాట రావడం నేనింతవరకూ వినలేదు.

మత్తు సూది ఊళ్ళోకీ వచ్చింది, మా పేటకీ వచ్చింది. ఊళ్ళో పిల్లల్ని ఆసుపత్రుల్లో చేర్చారు, మా పిల్లల్ని పోలీసు స్టేషన్లో పెట్టారు. ఒకే సూది చేతులు మారి హెచ్‌ఐవి వచ్చింది. అది ఊళ్ళోనూ ఉంది. మా పేటలో దానికి ఎన్నో రెట్లు ఉందని చెప్పుకుంటారు. చెప్పుకుంటారనే అంటున్నాను, ఎందుకంటే సరిగ్గా లెక్క తీసిన నాథుడు లేడు. ఆరోగ్యం మీద అచ్చేసే లావుపాటి నివేదికల్లో మాకంటూ ఒక వరస ఉండదు. అట్టడుగున "ఇతరులు" అని ఒకటి ఉంటుంది. మా చావులూ బతుకులూ అన్నీ అందులో కలిపి పోస్తారు.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, బస్సు డిపోలో సీట్లు కుడుతుంది. చిరిగిన సీటు విప్పి, పాత స్పాంజి పీకి, కొత్తది కోసి అమర్చి, పైన రెగ్జిన్ లాగి మేకులు కొట్టడం ఆమె పని. మనిషి పొట్టి, ముంజేతులు మాత్రం ఇనుము. మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. పెళ్ళిళ్ళకి కూడా అలాగే వచ్చేస్తుందని మా అమ్మ గుమ్మంలోనే ఆపి తీయించేది. డిపోలో ఆమెని కత్తెర అంటారు. ఆ పేరు చేతిలో కత్తెర్ని చూసి పెట్టింది కాదు.

కాలవ రూటు బస్సుల సీట్లంటే డిపోలో అందరికీ హడలు. చివరి ట్రిప్పులో కుర్రాళ్ళు సూది వాడేసి సీటు చిరుగులో దోపి దిగిపోయేవారు. స్పాంజి పీకబోతే చేతికి తగిలేది. "మీవాళ్ళ బండి, నువ్వే చూసుకో" అని ఆ సీట్లన్నీ తెచ్చి పిన్ని ముందు పడేసేవారు. పిన్ని చూసుకునేది. పటకారుతో ఒక్కొక్క సూదీ ఏరి రేకు డబ్బాలో వేసి, సీటు కుట్టి పంపేది. ఒకరోజు పటకారుకి దొరకని సూది అరచేతిలో దిగింది.

అలా పెద్దాసుపత్రికి వెళ్ళింది, అక్కడ పరుగు డాక్టరమ్మ కనపడింది. ఊళ్ళో మనిషే ఆవిడ. నడవడం చేతకాదు, మెట్లయినా సరే పరిగెత్తే ఎక్కుతుంది, అందుకని ఆ పేరు. రోగం అంటకుండా ఆ పూటే మాత్రలు మొదలుపెట్టించింది, తర్వాత పరీక్షలు చేయించింది. పిన్నికి ఏమీ అంటలేదు. అంటింది డిపోకి. మర్నాడు నీళ్ళ కుండ పక్కన పిన్ని కోసం విడిగా ఒక ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు ప్రత్యక్షమైంది. పిన్ని ఆ గ్లాసు తీసుకెళ్ళి అందులో మేకులు పోసుకుంది. నీళ్ళు మాత్రం అందరూ తాగే స్టీలు గ్లాసుతోనే, అందరూ చూస్తుండగానే తాగింది. అదేంటని అడిగే గుండె ఎవరికుంది?

ఆమె ఆ మాత్రలు మింగుతున్న రోజుల్లోనే చిన్న మామయ్య, అంటే పిన్నికి తమ్ముడు, ఇంటికొచ్చి ఆ మాత్రల పెట్టె చూశాడట. చాలాసేపు చేతిలో పట్టుకుని, "నాకివి సరిపోవక్కా. నాకు ఆలస్యమైపోయింది" అన్నాడట. పిన్నికి అప్పుడే తెలిసింది. మాకు మాత్రం చాలాకాలం తెలియనివ్వలేదు. మా ఇంట్లో చిన్న మామయ్యకి ఉన్నది గ్యాస్ ట్రబుల్. మా అమ్మ చుట్టాలందరికీ అదే చెప్పేది, కన్నపిల్లలం మాకూ అదే చెప్పింది. గ్యాస్‌తో మనిషి సగమైపోవడం ఎక్కడైనా ఉందా అని అడిగితే కసిరేది.

పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవి మాత్రలు ఒక భవనంలో ఇస్తారు, మత్తు మాన్పించే చికిత్స ఇంకో భవనంలో ఇస్తారు. రెండూ తెరిచేది మావాళ్ళు పనిలో ఉండే వేళకే. కిటికీ దగ్గర గుమాస్తా పేరుతోపాటు జబ్బు కూడా కలిపి పిలుస్తాడు. మామయ్య వెళ్ళాడు, మానేశాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ మానేశాడు. ఆయన చీటీ మీద "సహకరించని రోగి" అని రాశారు. మా పేటలో సగంమంది చీటీల మీద అదే ముక్క ఉంటుంది.

అప్పుడు డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. మా పేటలోనే ఒక గది. రెండు చికిత్సలూ ఒకే బల్ల దగ్గర. షిఫ్టుకి ముందే తెరుస్తారు, పేర్లు అరవరు. ఇలా చేస్తే మనుషులు మందు మానకుండా నిలబడతారా, బతుకుతారా, పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళతో పోలిస్తే తేడా ఎంత అని చూడటం. "ఇది దానం కాదు, రుజువు. రుజువైతే ఇలాంటి పేట ఎక్కడున్నా ఇలాంటి గది అడగొచ్చు" అనేదావిడ.

గది లాండ్రీ వెనక దొరికింది. అందుకని వచ్చేవాళ్ళందరూ చేతిలో ఒక బట్టల మూట పట్టుకుని వెనక సందులోంచి వచ్చేవారు. ఎవరైనా చూస్తే బట్టలు వేయడానికొచ్చారనుకోవాలి. అవే బట్టలు, అదే మూట, రోజూ వచ్చేది, రోజూ పోయేది. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన పేట చూళ్ళేదు. ఇన్ని మూటలొస్తాయి, ఒక్క చొక్కా తడవదు" అని లాండ్రీ ఆయన గొణిగేవాడు. అందరికంటే మామయ్య మూట పెద్దది. నీలం దుప్పటిలో కట్టి గుండెకి ఆనించుకుని మోస్తే సగం మొహం దాని వెనకే ఉండేది.

కానీ వచ్చాడు. ఒక్కరోజు మానకుండా వచ్చాడు. ఒంటికి కండ పట్టింది, గోడౌన్లో పనికి కుదిరాడు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి పిల్లలతో క్యారమ్స్ ఆడి, ఓడిపోయి, మోసం చేశారని పోట్లాడాడు. ఆయన పోట్లాడి ఎన్నాళ్ళైందో. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. అడిగితే ఉల్లిపాయలంది.

ఇక కమిటీ సంగతి. ఇలాంటి పరిశోధనలకి నిధులు ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ ఒకటి ఊళ్ళో ఉంది. జబ్బులు ఎక్కువగా సోకే జనంలోంచి కూడా ఒకరు అందులో కూర్చోవాలని ఆ మధ్య కొత్తగా నియమం పెట్టారు. డాక్టరమ్మ పిన్ని పేరు పంపింది. సూది గుచ్చుకున్న మనిషి, నోరున్న మనిషి, ఇంకేం కావాలి. పిన్ని ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "చదవడం వచ్చు నాకు. మీరు రాసే తెలుగే రాదు. మా అక్క కూతురు పక్కన కూర్చుని చదివి చెబుతుంది." నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను, డిగ్రీ చదివాను. గోడవార కుర్చీలో కూర్చోవాలి, పిన్నికి తప్ప ఎవరికీ వినపడేట్టు మాట్లాడకూడదు, బయట చెప్పకూడదు అని నాచేత సంతకం పెట్టించుకున్నారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పిన్ని ముందు కుర్చీ తిరగేసి అడుగు చూసింది. "పైన తోలు మెరుస్తోంది, లోపల స్పాంజి చచ్చింది" అని నా చెవిలో చెప్పి కూర్చుంది. అధ్యక్షుడు రిటైరైన ప్రొఫెసరు, చాలా మెత్తటి మనిషి. మాకొచ్చిన చిక్కల్లా ఆ మెత్తదనంతోనే. మా పేట మీద ఒక దరఖాస్తు రాగానే ఆయన చేతులు రెండూ కలిపి, "అమ్మా, ఇది మీవాళ్ళ విషయం. సొంత సంబంధం ఉన్నవాళ్ళు చర్చలో ఉండకూడదని నియమం. కాస్త అలా వరండాలో కూర్చోండి, టీ పంపిస్తాను" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, ఇద్దరం లేచి వెళ్ళి బెంచీ మీద కూర్చుని టీ తాగాం. టీ బాగుంది. దరఖాస్తు పోయింది.

రెండోసారీ అంతే. మా పేటలో ఆడవాళ్ళ మీద ఇంకో డాక్టరు పెట్టుకున్న దరఖాస్తు. చేతులు కలపడం, వరండా, టీ. అదీ పోయింది.

ఆ వారం డాక్టరమ్మ డిపోకి పరిగెత్తుకొచ్చింది. స్పాంజి ముక్కల మధ్య నిలబడి రొప్పుతూ అడిగింది, "మీరు లోపలుండగా రెండూ ఎలా పోయాయండీ?"

"నేను లోపలుంటేగా," అంది పిన్ని.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మావాళ్ళ తరఫున మాట్లాడటానికి పిన్నిని కూర్చోబెట్టారు. మావాళ్ళ మాట వచ్చిన ప్రతిసారీ బయటికి పంపారు. కంటి జబ్బులకీ కీళ్ళ నొప్పులకీ మాత్రం ఆమె అభిప్రాయం అడిగారు. ఇంత చిన్న సంగతి మాకు తట్టకపోవడానికి కారణం ఆయన అమ్మా అనడమే. కసిరి పొమ్మంటే మొదటిరోజే తిరగబడేవాళ్ళం.

"నేను సభ్యురాలినే. కాకపోతే వరండా సభ్యురాలిని," అంది పిన్ని. నవ్వుతూనే అంది గానీ చేతిలో ఉన్న రెగ్జిన్ ముక్కని అడ్డంగా కోసేసింది.

మూడోసారి వచ్చేది డాక్టరమ్మ దరఖాస్తే. లాండ్రీ వెనక గది ఇకమీదట నడవాలంటే ఆ నిధులు రావాలి. రాకపోతే నెలాఖరుకి గదికి తాళం. మామయ్య మళ్ళీ రెండు భవనాలకీ కిటికీ గుమాస్తాకీ పోవాలి. పోడని పిన్నికీ తెలుసు, నాకూ తెలుసు. పోకపోతే ఏమవుతుందో మేమిద్దరం పైకి అనుకోలేదు.

ఆ రోజు పొద్దున మొదట షుగర్ జబ్బు మీద దరఖాస్తు వచ్చింది. అధ్యక్షుడు జేబులోంచి చిన్న డబ్బా తీసి, ఒక బిళ్ళ నోట్లో వేసుకుని, "ఇది నా జబ్బే. మంచి పరిశోధన, త్వరగా కానివ్వండి, నేనుండగా ఫలితం చూడాలి" అన్నాడు. అందరూ నవ్వారు. దరఖాస్తు నవ్వుల్లోనే గట్టెక్కింది. తర్వాత గుండెది, అదీ గట్టెక్కింది. ఆ తర్వాత మాది.

"ఇప్పుడు కాలవ పేట దరఖాస్తు," అన్నాడాయన. చేతులు కలిశాయి. "అమ్మా, మీరు కాస్త..."

పిన్ని కదల్లేదు.

"టీ పంపిస్తానమ్మా."

"తాగే వచ్చానండీ."

ఎవరో దగ్గారు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "నియమమమ్మా. మీకు తెలిసిందే కదా."

"తెలిసిందేనండీ. మావాళ్ళ కోసం నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. మావాళ్ళ మాట రాగానే లెమ్మంటున్నారు. మరి కూర్చోబెట్టింది దేనికండీ? కంటి జబ్బులకా?"

ఆయన నవ్వు తగ్గింది. కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "పోనీ పేట సంగతి వదిలేద్దాం. మీ ఇంట్లో ఎవరైనా ఈ జబ్బుతో ఉన్నారా? ఉంటే మాత్రం నియమం ఇంకా గట్టిది. లేరంటే ఉండండి, నాకభ్యంతరం లేదు."

లేరు అంటే చాలు, ఉండొచ్చు. రెండక్షరాల మాట. మా ఇంట్లో అందరం ఏళ్ళ తరబడి అంటున్నదే. గ్యాస్ ట్రబుల్ అండీ అన్నా సరిపోయేది. ఆ మనిషికి తెలుసు, ఊరి పెద్దమనుషుల ముందు మా పేట ఆడది ఇలాంటి ప్రశ్నకి అయితే అబద్ధమాడుతుంది, లేకపోతే సిగ్గుతో లేచిపోతుంది. అబద్ధమాడితే రేపు అది బయటపడ్డాక ఆమె మాటకి విలువ ఉండదు. ఎటు పోయినా ఆయనకే లాభం.

పిన్ని మెళ్ళో టేపు సర్దుకుంది.

"ఉన్నాడండీ. మా తమ్ముడు. సూది తీసుకునేవాడు. హెచ్‌ఐవి ఉంది. రోజూ ఆ గదికే పోతాడు, అందుకే బతికున్నాడు. రాసుకోండి."

చివరి మాట కార్యదర్శితో అంది. ఆయన మూలన కూర్చుని జరిగిన ప్రతి మాటా రాస్తుంటాడు. కలం పట్టుకుని అధ్యక్షుడి వంక చూశాడు.

"అయితే మీరు తప్పకుండా బయటికి..."

"ఆగండి. నాది నేను చెప్పాను. మీరూ చెప్పండి. పొద్దున షుగర్ దరఖాస్తుకి మీరు ఏ వరండాలో కూర్చున్నారు?"

ఆయన మొహంలో మెత్తదనం పోయింది. "అదీ ఇదీ ఒకటా?"

"ఏం, మీది జబ్బు, మాది నేరమా?"

"చూడమ్మా," అన్నాడాయన, ఈసారి అమ్మా అన్న మాటకి పళ్ళున్నాయి. "మీరు లేవకపోతే ఈ దరఖాస్తుని చర్చకే తీసుకోను. పక్కన పెట్టేస్తాను. గది మూతపడితే ఆ పాపం మీదే."

నేను మాట్లాడకూడదు. అయినా గోడవార నుంచి వంగి, "లే పిన్నీ, మామయ్య గది పోతుంది" అన్నాను. బతిమాలాను. అప్పటికి నాలో ధైర్యమేమీ మిగల్లేదు, ఆ గదొక్కటే కనపడుతోంది. పిన్ని వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నేను భయపడినంత ఆమె కూడా భయపడుతోందని అప్పుడు తెలిసింది.

"మనం లేచినప్పుడు మాత్రం ఏం మిగిలిందే?" అని నాతో అని, మళ్ళీ బల్ల వైపు తిరిగింది.

"పెట్టండి పక్కన. కానీ నియమం అందరికీ ఒకటే గదండీ. షుగర్‌దీ పక్కన పెట్టండి, గుండెదీ పెట్టండి. ఇక్కడున్నవాళ్ళలో ఇంట్లో ఏ జబ్బూ లేనివాళ్ళుంటే వాళ్ళు లోపల కూర్చుని తేలుస్తారు. మిగతావాళ్ళం వరండాలోకి పోదాం. బెంచీ కాస్త ఇరుకు, సర్దుకుందాం. టీ బాగానే ఉంటుంది."

బల్లకి అటుపక్క లెక్కల ప్రొఫెసరు ఉన్నాడు. మా పేట దరఖాస్తు ఎప్పుడొచ్చినా "నమూనా చిన్నది" అనే, అంటే లెక్కకి మనుషులు చాలరనే మనిషి, మా రెండు దరఖాస్తుల్నీ ముంచింది ఆయనేనని డాక్టరమ్మ వాకబు చేసి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గుండె దరఖాస్తుకి నేను చెయ్యెత్తాను. నాకు రెండు స్టెంట్లున్నాయి" అన్నాడు. ఎవరి పక్షమూ కాదు, లెక్క తప్పిందని చెప్పినట్టు చెప్పాడు.

కార్యదర్శి మెల్లిగా అడిగాడు. "సార్, ఇది కూడా రాయాలా?"

రాస్తే పొద్దున్నుంచి గట్టెక్కినవన్నీ మళ్ళీ మునుగుతాయి. రాయకపోతే ఆమె తమ్ముడి మాట కూడా రాయకూడదు. చివరికి అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ, ఎవరి వంకా చూడకుండా, "కానివ్వండి. చర్చ మొదలుపెట్టండి" అన్నాడు.

లెక్కల ప్రొఫెసరు వెంటనే అందుకున్నాడు. "నమూనా చిన్నది."

"ఉన్నదే ఇంతమందిమండీ," అంది పిన్ని. "ఇంకా కావాలంటే ఎక్కడ తేను? జనం పెరిగేదాకా ఆగలేం. జబ్బు పెరిగేదాకా ఆగుదామంటే ఆగండి, అది మాత్రం త్వరగానే పెరుగుతుంది."

"మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువ. పాత అధ్యయనాల్లో ఉంది."

"ఎక్కడ మానేశారండీ? పెద్దాసుపత్రిలో. కిటికీ దగ్గర షుగర్ ఆయనా రండి అని అరిస్తే మీ అధ్యక్షుడుగారు నవ్వుతూ వెళ్తారు. మా తమ్ముణ్ణి ఏమని అరుస్తారో తెలుసా మీకు? ఆ గదిలో ఎంతమంది మానేశారో చూడండి. కాగితం మీ దగ్గరే ఉంది, మీ రాత నాకు చదవడం రాదు."

ఆయన కాగితం తిప్పాడు, చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకి మా మీద జాలి పుట్టిందని నేను చెప్పను, పుట్టలేదు. కానీ అంకెని చూసి మొహం తిప్పుకునే మనిషి కాదు. "నమూనా చిన్నదే. ఆ మాట మీదే ఉన్నాను," అన్నాడు. "నిధులిద్దాం. ఒక షరతు. ఈ నివేదికలో వీళ్ళని ఇతరుల్లో కలపకూడదు. విడిగా వరస ఉండాలి. లేకపోతే నమూనా ఎప్పటికీ చిన్నదే." అని చెయ్యెత్తాడు. తర్వాత ఇంకో ఇద్దరు ఎత్తారు. ఆ తర్వాత ఎత్తకుండా ఉండటం మిగతావాళ్ళకి కష్టమైంది. అధ్యక్షుడు మాత్రం బిళ్ళల డబ్బా చూసుకుంటూ కూర్చున్నాడు.

కమిటీ పిన్నిని మళ్ళీ పిలవలేదు. పదవీకాలం అయిపోయిందన్నారు. అవలేదు. ఇంకో పేట నుంచి ఎవర్నో వేసుకున్నారు. పిన్ని ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, "వాళ్ళు టీ ఇస్తామంటారు. వద్దను" అని చెప్పొచ్చింది.

ఆ రోజు కమిటీ నుంచి బస్సులో వస్తుంటే గెలిచాం కదా పిన్నీ అన్నాను. "వాడికి చెప్పాలి" అంది.

"ఎందుకు? లోపలి మాట బయటికి రాదుగా. మామయ్యకి తెలిసే దారే లేదు."

"వాడి సంగతి వాణ్ణి అడక్కుండా చెప్పేశాను. అది కూడా దాచమంటావా? దాచడానికి మనింట్లో ఇంక చోటెక్కడుందే?"

గోడౌన్ గేటు దగ్గర దిగాం. మామయ్య పని దిగి వస్తున్నాడు. నిధులొచ్చాయని పిన్ని ముందుగా చెప్పలేదు. కుండబద్దలు కొట్టినట్టు తాను లోపల అన్నదే చెప్పింది. ఎవరి ముందు చెప్పిందో, ఏమని చెప్పిందో, సూది మాటతో సహా.

మామయ్య మొహం తెల్లబోయింది. "నా సంగతి చెప్పడానికి నువ్వెవరు?"

"ఎవర్నీ కాను. నిన్నడగాల్సింది. అడగలేదు, తప్పే. కానీ లేచి బయటికి మాత్రం పోలేనురా. మూడోసారి కూడా పోలేను."

ఆయన మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున పిన్ని డిపోకి పోయే ముందు గదికి వెళ్ళి కూర్చుంది. మూటలు వచ్చాయి, పోయాయి. నీలం మూట రాలేదు. డాక్టరమ్మ తనకోసమూ పిన్నికోసమూ తానే సందు చివరిదాకా పరిగెత్తి చూసొచ్చింది. పిన్ని మామయ్య ఇంటికెళ్తే తలుపు తియ్యలేదు. పిన్ని ఆ రోజు డిపోలో ఒక సీటుకి రెగ్జిన్ తిరగేసి కుట్టింది. పాతికేళ్ళ సర్వీసులో అలాంటి పని చేసి ఎరగదు. సాయంత్రం మా ఇంటికొచ్చి, "గది నిలబెట్టి మనిషిని పోగొట్టుకున్నానా?" అని మా అమ్మని అడిగింది. మా అమ్మ, ఎప్పుడూ ఏదో ఒకటి కసిరే మా అమ్మ, పక్కన కూర్చుని ఊరుకుంది.

ఆ తర్వాతి పొద్దున నేనూ పిన్నితో వెళ్ళాను. లోపల గదిలో బల్ల పక్కన ఒకే కుర్చీ ఉంటే ఆమె కూర్చుంది, నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్కడినుంచి ముందు లాండ్రీ అంతా కనపడుతుంది. పనికి పోయే వేళ కదా, దుకాణం కిక్కిరిసి ఉంది. ఊళ్ళోవాళ్ళూ పేటవాళ్ళూ కౌంటర్ మీద పడి చొక్కాలు అడుగుతున్నారు.

మామయ్య వెనక సందులోంచి రాలేదు. ముందు తలుపులోంచి, జనం మధ్యలోంచి వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ మూట వెనక ఉన్న మొహం మొత్తం కనపడుతోంది.

లాండ్రీ ఆయన అలవాటు కొద్దీ అడిగేశాడు. "మూటేదయ్యా?"

"లేదు," అన్నాడు మామయ్య. "మాత్రలకొచ్చాను."

చొక్కాలు అడిగేవాళ్ళు అడగడం ఆపి తిరిగి చూశారు. మామయ్య ఒక్కొక్క మొహమే చూశాడు.

"దేనికో కూడా చెప్పమంటారా?"

ఎవరూ చెప్పమనలేదు. లాండ్రీ ఆయన చేతిలో ఉన్న ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కౌంటర్ పలక పైకెత్తి, "సందు తిరిగిపోవడం ఎందుకు, ఇటే రా" అన్నాడు.

మామయ్య గదిలోకి వచ్చి పిన్ని ముందు నిలబడ్డాడు. నేను గట్టిగా ఏడ్చేశాను, నాకేం సిగ్గు లేదు.

పిన్ని కుర్చీలోంచి లేచింది.

"కూర్చోరా," అంది.